సజ్జ రెండో పుస్తకం

31వ ఏడు, ఎండాకాలం, 2వ రోజు

ఇది సజ్జ పుస్తకం కాదు. అసలు పుస్తకం అలమరలో ఉంది. అందులో నూట ముప్పై వారాలుగా "నడక: బాగుంది" అని రాసి ఉంది. రాసింది నేనే. చేతిరాత కూడా ముచ్చటగా ఉంటుంది.

కిందికి దిగి ముప్పై ఏళ్లుగా మేం కాపురముంటున్న ఈ గనిలో ప్రతి కుక్కకూ ఒక పుస్తకం ఉండాలి. తిండి, బరువు, నడక, జబ్బులు వారానికోసారి రాయాలి. కుక్క పిల్లల్ని పెడితే, తల్లి పుస్తకానికి నకళ్లు తీసి పిల్లను పెంచుకునే ప్రతి ఇంటికీ ఒకటి ఇవ్వాలి. పిల్ల కంటే ముందు పుస్తకం గడప దాటుతుంది. మొదటి పుస్తకంలో రాయలేనివి ఎక్కడో ఒకచోట పెట్టకపోతే నాకు అన్నం సహించేలా లేదు. అందుకని ఇవాళ ఇది మొదలుపెట్టాను.

నా పేరు దస్తగిరమ్మ. యాభై నాలుగేళ్లు. మూడో అంతస్తులో నీళ్ల పంపులు చూస్తాను. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్లు తక్కువ. ఇక్కడి రెండు వందల నలభై ఇళ్లకూ నేను "సజ్జ వాళ్లమ్మ"ని. బడి సొరంగంలో చెడుగాలిని పసిగట్టి ముప్పై మంది పిల్లల్ని కాపాడినప్పటి నుంచి సజ్జ బొమ్మ నీళ్ల కార్డు మీద ఉంది. నీళ్ల వరసలో నిలబడితే అందరి చేతుల్లో నా కుక్కే. అప్పుడే నా కళ్లు నెత్తికెక్కాయి.

పొద్దున గని కమిటీ నుంచి కాగితం వచ్చింది. సజ్జకు ఐదేళ్లు నిండుతున్నాయి, ఇంకా ఆలస్యం చేస్తే మొదటి కాన్పు కష్టం, పిల్లల్ని పెట్టించే ఉద్దేశం ఉందా అని. అడిగింది ఉద్దేశమే అయినా, కింద అప్పటికే ఆరు ఇళ్ల సంతకాలు ఉన్నాయి. పిల్లను పెంచుకుంటామని ముందుగా ఎవరైనా సంతకం పెడితే తప్ప ఇక్కడ కుక్కను జత కట్టించరు. మొదటి సంతకం ఓబుళమ్మది.

మా ఆయన పుల్లయ్య కాగితం చూసి, "ఏమ్మే, ఇంగ నువ్వు సజ్జ వాళ్లమ్మవు కాదు, సజ్జ పిల్లల అవ్వవు" అన్నాడు.

నవ్వాను. అప్పుడే సజ్జ గోనెపట్టా మీద నుంచి లేచింది. ముందుకాళ్లు లేచాయి. వెనకకాళ్లు లేవడానికి ఇంకాసేపు పట్టింది. పుల్లయ్య చూడలేదు. నేను చూశాను. చూసి, కాగితాన్ని వెనక్కి తిప్పి చదివాను. వెనకవైపు ఏమీ లేదు.

31వ ఏడు, ఎండాకాలం, 4వ రోజు

పంపుల దగ్గరికి పోవాలంటే ఏడో సొరంగం దాటాలి. కుక్క ముందు, మనిషి వెనక. గాలి చెడితే మనకు రంగు తెలియదు, వాసన తెలియదు. కుక్కకు తెలుస్తుంది. అది ఆగి కూర్చుంటుంది. కుక్క కూర్చుంటే వెనక్కి తిరగాలి, ఎందుకని అడగకూడదు. వెనకటికి ఈ పనికి మిషన్లుండేవి. మంచిగాలికి పచ్చ లైటు, చెడుగాలికి ఎర్ర లైటు. ఒకరోజు పచ్చ లైటు కిందనే నలుగురు పోయారు. తర్వాత వాటిని నమ్మినవాళ్లు లేరు. గోడలకు ఇంకా వేలాడుతున్నాయి, కొన్నింట్లో పచ్చ లైటు ఇప్పటికీ వెలుగుతూనే ఉంటుంది.

గనిలో కుక్కలు పదకొండు. కుక్క లేనివాళ్లు ఉన్నవాళ్ల వెనక నడవాలి. రోజూ నా వెనక నడిచేది ఓబుళమ్మ. అరవై దాటింది. మనం కిందికి దిగకముందు పైన ఎండలో పనిచేసి కళ్లు పాడుచేసుకుంది. మనిషి ఆకారం కనిపిస్తుంది, మొహం కనిపించదు. సొరంగం చివర పుట్టగొడుగుల మడుల్లో పనిచేస్తుంది. ఆమె భర్త నర్సింహులు రెండేళ్ల కిందట ఇదే సొరంగంలో చెడుగాలికి పోయాడు. అతని కుక్క కొర్ర కూడా అతనితోనే పోయింది. కొర్ర, మా సజ్జ ఒకే కాన్పువి. అందులో బతికినవి ఆ రెండే.

"సజ్జ పిల్లంటే మా కొర్రకు మేనల్లుడో మేనకోడలో గదా దస్తగిరీ" అంది ఓబుళమ్మ నడుస్తూ. "ఒగదాన్ని నాకియ్యి. రోజూ నీ వాకిట్ల నిలబడేది తప్పుతాది."

"అట్లే అక్కా" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ముందు సజ్జ నడుస్తోంది. ఎడమ వెనకకాలు నేలను రాసుకుంటోంది. ఆమెకు కనపడదులే అనుకున్నాను. అనుకున్నందుకు ఇప్పుడు రాస్తుంటే మొహం వేడెక్కుతోంది.

31వ ఏడు, ఎండాకాలం, 6వ రోజు

పశువుల డాక్టరు మాబూ సజ్జను చూశారు. గుండె బాగుంది, పళ్లు బాగున్నాయి, బరువు సరిపోయింది. తుంటి దగ్గరికొచ్చేసరికి చేతులు ఆపి నా వైపు చూశారు. ఎక్స్‌రే మిషను పాడై ఆరేళ్లు. అందుకే మూడు రోజుల తర్వాత మెట్ల పరీక్ష పెడతామన్నారు. మూడో అంతస్తు నుంచి రెండో అంతస్తుకు తొంభై మెట్లు. కుక్క ఆగకుండా ఎక్కితే తుంటి బాగున్నట్టు లెక్క.

"మెట్లు సగమే చెప్తాయి దస్తగిరమ్మగారూ" అన్నారు డాక్టరు. "ఎక్స్‌రే ఉంటే మిమ్మల్ని అడిగేవాణ్ణే కాదు. ఇప్పుడు మీ మాటే నాకు ఎక్స్‌రే. తుంటి జబ్బు పిల్లలకొస్తాది. తోడబుట్టినదానికి ఉన్నా అనుమానించాల్సిందే. కొర్రకేమన్నా ఉండిందా?"

"నాకు తెలీదు సార్."

"సజ్జకు?"

"బాగా నడుస్తాది సార్. పుస్తకంలో రాసినా."

ఆయన పుస్తకం తిరగేశారు. ఒక్కో పేజీ చూస్తూ, "మీరు రాసినంత నీటుగా ఎవరూ రాయరు" అన్నారు. తల కొట్టేసినట్టయింది. అయినా పుస్తకం తీసుకుని వచ్చేశాను.

నాకు తెలిసింది ఇక్కడ రాస్తాను. పొద్దున లేవగానే సజ్జ వెనకకాళ్లు పట్టేసి ఉంటాయి. వేడినీళ్ల సంచీతో తుంటికి కాపడం పెట్టి, పావుగంట మెల్లగా నడిపిస్తే సర్దుకుంటాయి. ఆ తర్వాత ఎవరు చూసినా ఆరోగ్యమైన కుక్కే. ఈ కిటుకు నాకు రెండున్నరేళ్లుగా తెలుసు. పంపుల దగ్గర వేడినీళ్లకు కొదవ లేదు.

31వ ఏడు, ఎండాకాలం, 9వ రోజు

పరీక్ష ఎనిమిది గంటలకు. ఏడింటికే సజ్జను పంపుల వెనక సందులోకి తీసుకుపోయి కాపడం పెట్టాను, అటూ ఇటూ నడిపించాను. పుల్లయ్య టీ తెచ్చి చూశాడు.

"పరీక్ష కుక్కకా, నీకా?" అన్నాడు.

"గమ్మునుండు."

"నేను గమ్మునే ఉంటా. అది కూడా గమ్మునే ఉంటాది. మాట్లాడాల్సింది నువ్వు" అని గ్లాసు అక్కడ పెట్టి వెళ్లిపోయాడు. మా ఆయన కోపంగా మాట్లాడి ఉంటే ఎదురు తిరిగేదాన్ని. అలా మెల్లగా అనేసరికి టీ ముట్టకుండా సజ్జను మెట్ల దగ్గరికి తీసుకుపోయాను.

సజ్జ తొంభై మెట్లూ ఎక్కింది. డెబ్భయ్యో మెట్టు దగ్గర కాస్త నెమ్మదించింది. నేను వెనక నుంచి "పా" అన్నాను. వెళ్లింది. నేను "పా" అంటే సజ్జ నిప్పుల్లోకైనా వెళ్తుంది. పైన కమిటీ పెద్దలు చప్పట్లు కొట్టారు. డాక్టరు నా పుస్తకం పక్కన పెట్టుకుని అనుమతి కాగితం మీద సంతకం చేశారు.

ఇంటికొచ్చాక సజ్జ సాయంత్రం దాకా లేవలేదు. పుస్తకంలో ఆ వారం గడిలో ఏం రాశానో చెప్పక్కర్లేదు.

31వ ఏడు, ఎండాకాలం, 10వ రోజు

సంతకం పెట్టిన ఇళ్లవాళ్లు రాబోయే పిల్ల పేరును సుద్దతో తలుపు మీద రాసుకుంటారు. అది మా ఆచారం. పిల్ల వచ్చేదాకా ఆ పేరు చెరపరు. ఓబుళమ్మ తనకు చేతకాదని నన్నే రాయమంది.

"ఏం పేరక్కా?"

"కొర్ర."

రాశాను. సుద్ద రెండుసార్లు విరిగింది.

31వ ఏడు, ఎండాకాలం, 12వ రోజు

ఇవాళ్టిది ఉన్నదున్నట్టు రాయాలి.

ఏడో సొరంగంలో సగం దూరం వెళ్లాక సజ్జ కూర్చుంది. నా వెనక ఓబుళమ్మ, ఆమె వెనక మరో ఐదుగురు. కుక్క కూర్చుంటే వెనక్కి తిరగాలి. కానీ నిన్నంతా సజ్జకు నొప్పిగా ఉంది. పొద్దున తొందరలో కాపడం పెట్టలేదు. ఇది కాలి నొప్పికి కూర్చుందా, గాలికి కూర్చుందా? రెండింటికీ ఒకేలా కూర్చుంటుంది కదా. నాకు తెలియలేదు. దాన్ని పాలు పట్టి పెంచినదాన్ని, నాకే తెలియలేదు.

"పా" అన్నాను.

సజ్జ వెనక్కి తిరిగి నన్ను చూసింది. లేవబోయింది. నా మాట కోసం లేవబోయింది.

"ఏందిమ్మే, కుక్క కూచుంటే పా అంటావు? తిరుగు" అని ఓబుళమ్మ నా భుజం పట్టుకుని గుంజింది. అందరం వెనక్కి వచ్చేశాం. సజ్జను నేనే ఎత్తుకున్నాను.

గంట తర్వాత గాలి తనిఖీ చేసే మనుషులు ముసుగులు వేసుకుని వెళ్లి చూసొచ్చారు. మేం ఆగినచోటికి నలభై అడుగుల అవతల అంతా చెడుగాలే. ఇంకో నిమిషం నడిచి ఉంటే ఏడుగురం.

31వ ఏడు, ఎండాకాలం, 13వ రోజు

సజ్జకు దండ వేశారు. నాకూ వేశారు. "పా" అన్న సంగతి ఓబుళమ్మ ఎవరికీ చెప్పలేదు. కమిటీకి ఇంకో తొమ్మిది సంతకాలు వచ్చాయట. దండ మెడలో ఉండగానే ఈ పుస్తకం తీశాను.

ఇక కొర్ర సంగతి రాస్తాను.

బడి పిల్లల్ని కాపాడిన మరుసటి నెల. నీళ్ల వరసలో నిలబడ్డాం, చుట్టూ పదిమంది. నర్సింహులు నా దగ్గరికొచ్చి, "దస్తగిరమ్మా, మా కొర్ర ఊరికే ఊరికే కూచుంటాంది. వెనకకాళ్లు పట్టేసినట్టుంటాయి. మీ సజ్జకు గూడ అట్లుంటాదా?" అని అడిగాడు.

ఉంది. అప్పటికి పదిరోజులుగా ఉంది. కానీ పదిమంది చేతుల్లో కొత్త నీళ్ల కార్డులున్నాయి, వాటి మీద నా కుక్క.

"మా సజ్జకేం నర్సింహులన్నా, గుర్రం మాదిరి ఉరుకుతాది" అన్నాను. అంతటితో ఆగినా సరిపోయేది. "నీది సోమరిది. కొంచెం గట్టిగా అదిలిచ్చు" అని కూడా అన్నాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

నాలుగు నెలల తర్వాత ఏడో సొరంగంలో కొర్ర కూర్చుంది. నర్సింహులు టోపీకి ఉన్న మైకులో అతని చివరి మాటలు కంట్రోలు గదిలో అందరూ విన్నారు. "పా కొర్రా. లెయ్. పా." కుక్క కూర్చున్నా ముందుకు పోయాడు, దుడుకు మనిషి, తన ప్రాణం తానే తీసుకున్నాడు అని ఊరంతా తీర్మానించింది. నేను కూడా తలూపాను.

అదిలించమన్నది నేను. రెండేళ్లుగా ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నిన్న సొరంగంలో అదే "పా" నా నోట్లోంచి వచ్చింది.

31వ ఏడు, ఎండాకాలం, 15వ రోజు

ఉప్పుగుట్ట గని నుంచి మగకుక్క బొగ్గు వచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, వెనకకాళ్లు రాయిలా ఉన్నాయి. సజ్జ ఎదకొచ్చింది. ఎల్లుండి జత కట్టిస్తామని డాక్టరు చెప్పారు.

బొగ్గు ఎంత మంచిదైనా సజ్జ తుంటి ఎక్కడికి పోతుంది? ఆరు పిల్లలు పుడతాయనుకుందాం. అందులో మూడు నొప్పికి కూర్చునేవైతే? మూడిళ్లవాళ్లు మొదట్లో వెనక్కి తిరుగుతారు, ఆ తర్వాత "పా" అనడం నేర్చుకుంటారు. అలమరలో తల్లి పుస్తకం నకలు ఉంటుంది. అందులో నా ముచ్చటైన చేతిరాత. గోడ మీద వెలిగే పచ్చ లైటుకూ దానికీ తేడా ఏముంది?

కమిటీ పెద్దాయన దగ్గరికి వెళ్లి, సజ్జకు కాళ్లు బాగాలేవు, వద్దు అన్నాను. ఆయన నవ్వాడు. "తొంభై మెట్లెక్కిన కుక్కకు కాలేందమ్మా. బిడ్డను అత్తగారింటికి పంపే తల్లి మాదిరి బెంగ పెట్టుకోవాకు" అన్నాడు. ఇంకా చెప్పి ఉండొచ్చు. చెప్పకుండా వచ్చేశాను.

31వ ఏడు, ఎండాకాలం, 16వ రోజు

మధ్యాహ్నం ఈ పుస్తకం చంకలో పెట్టుకుని, సజ్జను తీసుకుని ఓబుళమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె పుట్టగొడుగులు ఒలుస్తోంది. "నీకొకటి చదివి వినిపిచ్చల్ల అక్కా" అన్నాను. ఆమె చదువుకోగలిగి ఉంటే పుస్తకం గడపలో పెట్టి పారిపోయేదాన్ని. ఆ అవకాశం లేదు. ప్రతి అక్షరం నా నోటితోనే చదవాల్సి వచ్చింది. నీళ్ల వరస దగ్గరికి వచ్చాను. ఆమె ఒలవడం ఆపింది.

చదవడం అయిపోయింది.

"మా ఆయన నిన్నడిగినాడా? నోరు తెరిచి అడిగినాడా?"

"అడిగినాడక్కా."

"ఆ ముక్క ఇంగోసారి సదువు."

చదివాను. అదిలించమన్న మాటతో సహా.

"కాలు సంగతి నాకు తెలుసు" అంది. "కండ్లు లేవుగానీ చెవులుండాయి. ఏడాది నుంచి దాని కాలు ఈడ్చే సప్పుడు ఇంటానే ఉండా. సంతకం పెడితే నువ్వే సెప్తావులే అని సూసినా. తలుపు మీద పేరు రాసేటప్పుడన్నా సెప్తావనుకుంటి. ఈ సంగతి మాత్రం తెలీదు." ఒలిచిన పుట్టగొడుగులు పక్కకు జరిపింది. "రెండేండ్లుగా దుడుకోడు, దుడుకోడు అని ఊరంతా అంటాంటే నేను గూడ అదే అనుకుంటి గదమ్మే. సచ్చినోన్ని రోజూ తిట్టుకుంటా అన్నం తింటి."

క్షమించమని అడగబోయాను. అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.

ఆమె తడుముకుంటూ సజ్జ దగ్గరికి వచ్చింది. తుంటి మీద రెండు బొటనవేళ్లతో మెల్లగా నొక్కింది. సజ్జ మూలిగి, ఆమె చేతినే నాకింది.

"ఎన్నాళ్ల నుంచి నొప్పి దీనికి?"

"రెండున్నరేళ్లు."

"దీనికీ నోరు లేకపాయ" అంది. తర్వాత నా వైపు తిరిగి, "రేపు మెట్ల కాడ అందరి ముందర సదువు. నాకొకదానికే సదివితే మా ఆయన పేరు బాగుపడదు" అంది.

31వ ఏడు, ఎండాకాలం, 17వ రోజు

కాపడం పెట్టలేదు. నడిపించలేదు. గోనెపట్టా మీద నుంచి లేపి నేరుగా మెట్ల దగ్గరికి తీసుకుపోయాను. కమిటీ వాళ్లు, డాక్టరు, సంతకాలు పెట్టిన ఇళ్లవాళ్లు అందరూ ఉన్నారు. జత కట్టించే ముందు కుక్కను ఇంకోసారి చూడండి అని మాత్రం చెప్పాను.

సజ్జ ఎనిమిది మెట్లెక్కింది. తొమ్మిదో మెట్టు మీద కూర్చుంది. వెనక్కి తిరిగి నా వైపు చూసింది, ఆ మాట కోసం.

నేను అనలేదు. వెళ్లి దాని పక్కన మెట్టు మీద కూర్చున్నాను. ఈ పుస్తకం తెరిచి మొదటి రోజు నుంచి చదివాను. మధ్యలో ఎవరో "ఏమి మనిషివమ్మా నువ్వు" అన్నారు. ఎవరో పిల్లలను ఇంటికి తోలుకుపోయారు. నర్సింహులు మాట దగ్గర కమిటీ పెద్దాయన తల దించుకున్నాడు. చదవడం అయ్యాక డాక్టరు తన సంతకం ఉన్న కాగితం తీసి నాలుగు ముక్కలు చేశారు.

సజ్జకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తారు. సొరంగాల పని నుంచి తప్పించారు. నీళ్ల కార్డు మీద బొమ్మ మారుస్తారట. రేపటి నుంచి నేనూ ఎవరో ఒకరి వాకిట్లో నిలబడి, వాళ్ల కుక్క వెనక నడవాలి.

జనం వెళ్లిపోయాక సజ్జను ఎత్తుకుని మెట్లు దిగాను. బరువే. పుల్లయ్య అందుకోబోతే ఇవ్వలేదు. కింద ఓబుళమ్మ నిలబడి ఉంది.

"బొగ్గుకు ఉప్పుగుట్టలో ఇంగో ఆడకుక్కతో పిల్లలు పుట్టబోతాండాయంట. డాక్టరు సారు ఒగదాన్ని నాకు తెప్పిస్తానన్యాడు. ఆర్నెల్లు పడతాది" అంది. "తలుపు మీద పేరు అట్లే ఉండనీ."

"అట్లే అక్కా."

"దాని పుస్తకం నువ్వే రాయల్ల. నాకు కండ్లు లేవు."

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. "నేనా అక్కా?"

"నువ్వే. వారం వారం వచ్చి నా ముందర కూచోని రాయల్ల." తిరిగి నడవబోతూ ఆగింది. "రాసింది నీతో సదివిచ్చుకోను. డాక్టరు సారుతో సదివిచ్చుకుంటా."

ఇంటికొచ్చి అలమరలోంచి సజ్జ మొదటి పుస్తకం తీశాను. పాత గడులు ఏవీ కొట్టివేయలేదు. అవి అలాగే కనబడాలి. ఖాళీగా ఉన్న గడిలో ఈ వారానిది రాశాను.

నొప్పి మొదలై నూట ముప్పై రెండో వారం. నడక: బాగాలేదు. రాసింది, దస్తగిరమ్మ.